ఇంటికి రాని దంతములు
(విదేశములందలి ఏనుగుల వేటను గూర్చి ఒక అధ్యయన పాఠము)

1. ప్రస్తావన

ఒక ధనికుడు తన దేశమునుండి వేల మైళ్లు ప్రయాణము చేసి ఆఫ్రికా ఖండమునకు పోవును. రుసుము చెల్లించి, అనుమతి పత్రము పొంది, వృత్తి వేటగాని వెంట దినముల తరబడి కాలినడకన అడుగుజాడలు వెదకి, తుదకు ఒక ఏనుగును తుపాకితో కాల్చి చంపును. పిమ్మట రిక్తహస్తములతో ఇల్లు చేరును. దంతములు ఆ దేశపు ప్రభుత్వ గిడ్డంగికి పోవును. మాంసమును చుట్టుపట్ల పల్లెవారు పంచుకొందురు. చర్మము గాని, చెవి గాని, తోకవెండ్రుక గాని అతని వెంట రాదు. అతనికి మిగులునది ఒక ఛాయాచిత్రము, ఒక జ్ఞాపకము.

ఇది కట్టుకథ కాదు. జింబాబ్వే, నమీబియా మొదలగు దేశములలో 'ఎగుమతికి వీలులేని వేట' అను పేర ఇట్టి వేటలు విక్రయింపబడుచున్నవి. వీటి వెల తక్కువ. దంతములను ఇంటికి తెచ్చుకొనదగిన వేటకు వెల ఎక్కువ. ఈ రెండు వెలల నడుమ గల భేదము దంతము యొక్క వెల. మిగిలినది చంపుటకు ఇచ్చిన వెల.

ఈ లెక్క చిన్నదేయైనను దీనినుండి పెద్ద ప్రశ్నలు పుట్టుచున్నవి. దంతము రానప్పుడును మనుష్యుడు ఏనుగును చంపుటకేల పోవును? దంతమును రానీయని చట్టము ఏనుగును నిజముగా కాపాడునా? అట్టి చట్టమువలన కలుగు నష్టమును భరించువారెవరు? ఈ మూడింటిని క్రమముగా విచారింతము.

2. వేటగురుతు అనగా నేమి?

చంపిన మృగముయొక్క శరీరభాగమును విజయచిహ్నముగా దాచుకొనుటను ఆంగ్లేయులు 'ట్రోఫీ' అందురు. ఈ మాటకు మూలము గ్రీకు భాషలోనిది. 'మరలుట' అని అర్థమిచ్చు ధాతువునుండి అది పుట్టినది. శత్రువు వెన్నిచ్చి మరలిన చోట గ్రీకులు వాని కవచములను, ఆయుధములను ఒక కొయ్యకు కట్టి నిలిపెడివారు. గమనింపదగిన సంగతి యేమనగా, ఆ గురుతు యుద్ధభూమిలోనే నిలిచియుండెడిది. గెలుపునకు సాక్ష్యము గెలిచిన చోటనే ఉండెడిది గాని గోడకు వ్రేలాడెడిది కాదు.

ఐరోపావారు ఆఫ్రికాను ఆక్రమించుకొన్న కాలమున ఈ గురుతు ఇంటిదారి పట్టెను. అమెరికా అధ్యక్ష పదవినుండి దిగిన థియొడోర్ రూజ్‌వెల్టు 1909లో తూర్పు ఆఫ్రికాకు వేటయాత్ర సాగించెను. ఆయనయు, ఆయన కుమారుడు కెర్మిటును కలిసి చంపిన జంతువులు 512 అని ఆయనయే లెక్క వ్రాసికొనెను. వానిలో ఏనుగులు 11. వస్తుప్రదర్శనశాలకు నమూనాలు సేకరించుట ఆ యాత్రకు చెప్పిన ప్రయోజనము. అనంతర కాలమున శాస్త్రప్రయోజనము పేరైనను లేకుండ, కేవలము గోడకొరకు వేటాడువారి సంఖ్య పెరిగెను.

3. నాలుగు సంగతులు వేరు వేరు

ఈ విషయమున పత్రికలు చదువువారు తరచుగా పొరబడుచుందురు. కావున నాలుగు సంగతులను విడదీసి తెలిసికొనవలెను.

మొదటిది దొంగవేట. ఇది ఎల్లెడల నేరమే. దంతములు అమ్ముకొనుటకు అనుమతి లేక చంపుట దీని లక్షణము.

రెండవది అనుమతితో జరుగు వేట. ప్రభుత్వము ఏటికిన్ని ఏనుగులని పరిమితి విధించి, రుసుము పుచ్చుకొని అనుమతించును. కెన్యా దేశము 1977లోనే వేటను నిషేధించినది. జింబాబ్వే, నమీబియా, టాంజానియా మొదలగునవి అనుమతించినవి.

మూడవది దంతముల వ్యాపారము. కొనుట, అమ్ముట, చెక్కి వస్తువులు చేయుట ఇందు చేరును. చైనా దేశము 2017 సంవత్సరాంతమునకు తన దేశములోని దంతవ్యాపారమును మూసివేసినది.

నాలుగవది వేటగురుతు దిగుమతి. వేటాడినవాడు స్వంతమునకై తన దేశమునకు తెచ్చుకొనుట. దీనిని నిషేధించిన దేశము వేటను నిషేధించినట్లు కాదు. పరదేశపు అడవిపై దానికి అధికారము లేదు. దాని అధికారము తన రేవు వాకిటివరకే. కావున అది చెప్పగలిగిన మాట యిది: 'నీవు అక్కడ ఏమి చేసితివో మేము ఆపలేము; దాని ఫలమును మాత్రము ఈ గడప దాటనీయము.'

4. ఒడంబడికయు, దాని విధులును

అపాయస్థితిలోనున్న జంతు వృక్షజాతుల అంతర్జాతీయ వాణిజ్యమును గూర్చిన ఒడంబడిక 1973 మార్చి 3వ తేదీన వాషింగ్టను నగరమున కుదిరి, 1975 జూలై 1 నుండి అమలునకు వచ్చెను. దీనిని 'సైటీస్' అని వ్యవహరింతురు. భారతదేశము 1976లో ఇందు చేరినది.

ఇందు జంతువులను అనుబంధముల వారీగా చేర్తురు. ఆఫ్రికా ఏనుగు 1977లో రెండవ అనుబంధమున చేరెను. అనగా వ్యాపారము అదుపులో నుండవలెనేగాని నిషిద్ధము కాదు. అయినను దంతపు దొంగవేట చెలరేగెను. 1979లో సుమారు 13 లక్షలని అంచనా వేయబడిన ఆఫ్రికా ఏనుగులు పదేండ్లలో ఇంచుమించు సగమునకు తగ్గెను. కెన్యాలో 1970 దశకపు మొదట లక్షకు మించియున్న ఏనుగులు 1989 నాటికి 20 వేలకంటె తక్కువ మిగిలెను. ఆ సంవత్సరము జూలైలో కెన్యా అధ్యక్షుడు డేనియల్ అరప్ మోయ్ 12 టన్నుల దంతములను బహిరంగముగా దహింపజేసెను. ఆ యేడే ఆఫ్రికా ఏనుగును మొదటి అనుబంధమునకు మార్చిరి. దానితో అంతర్జాతీయ దంతవ్యాపారము నిషిద్ధమయ్యెను. పిమ్మట 1997లో బోట్స్‌వానా, నమీబియా, జింబాబ్వేల ఏనుగులను, 2000లో దక్షిణాఫ్రికా ఏనుగులను తిరిగి రెండవ అనుబంధమునకు తెచ్చిరి.

వేటగురుతు మాత్రము వ్యాపారవస్తువుగా ఎంచబడలేదు. అది సొంతమునకు ఉంచుకొనునదే గాని అమ్మునది కాదని భావించి, తగిన పత్రములున్నచో అనుమతించిరి. ఎగుమతి చేయు దంతముపై దేశపు సంకేతాక్షరములు, సంవత్సరము, వరుస సంఖ్య, కిలోలలో బరువు చెరగకుండ గుర్తింపవలెను. ఒకనాడు సజీవముగా తిరిగిన ప్రాణి ఈ విధముగా నాలుగు సంఖ్యలుగా మారి ఓడనెక్కును.

5. వాకిలి మూసిన దేశములు

విదేశములకు పోయి ఏనుగులను వేటాడువారిలో అమెరికావారు అధికులు. అందుచేత అమెరికా ప్రభుత్వ నిర్ణయము ఆఫ్రికా అడవులకు తగులును. 2014 ఏప్రిల్ నెలలో అమెరికా వన్యప్రాణి శాఖ, ఆ సంవత్సరము టాంజానియా, జింబాబ్వేలలో చంపబడిన ఏనుగుల గురుతులను రానీయమని ప్రకటించెను. వేటవలన ఏనుగుల జాతికి మేలు కలుగుచున్నదని చూపుటకు తగిన ఆధారము లేదనుట వారి కారణము. 2017 నవంబరులో జింబాబ్వే విషయమున ఆ నిషేధమును ఎత్తివేయుదుమనిరి. ప్రజలలో అలజడి చెలరేగగా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ దానిని నిలిపివేసి, ఇట్టి వేటను 'ఘోరప్రదర్శన'మని నిందించెను. 2018 మార్చిలో దేశమంతటికి ఒకే నిర్ణయమను పద్ధతిని విడిచి, ఒక్కొక్క దరఖాస్తును విడివిడిగా పరిశీలింతుమని శాఖవారు తెలిపిరి. 2024లో నిబంధనలను మరింత కట్టుదిట్టము చేసిరి.

ఐరోపాలోను ఇట్టి చలనము కలిగెను. బెల్జియము పార్లమెంటు 2024 జనవరిలో అపాయస్థితిలోని జంతువుల వేటగురుతుల దిగుమతిని నిషేధించెను. బ్రిటనులో ఇట్టి బిల్లు 2023లో దిగువసభలో నెగ్గినను ఎగువసభ దాటలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. వాకిలి మూసినప్పుడు వేటగాండ్లు కొందరు పోవుట మానిరి. దంతమే వారి కోరిక గనుక దంతము లేనిచో వేటయు లేదు. మరికొందరు మానలేదు. తక్కువ వెలకు దొరకు వేటకు పోయి, దంతములు విడిచి, ఛాయాచిత్రముతో మరలిరి. మొదటివానిని నడిపినది వస్తువుపై ఆశ. రెండవవానిని నడిపినది మహాకాయమును నేలకూల్చితినను తలపు. చట్టము మొదటివానిని ఆపగలదు. రెండవవాని దగ్గర తీసికొనుటకు దానికి వస్తువేదియు లేదు.

6. పల్లెవారి పక్షము

వేటను ద్వేషించుట సులభము. ఏనుగు ప్రక్కన కాపురముండుట సులభము కాదు. ఒక ఏనుగు దినమునకు సుమారు 150 కిలోల మేత తినును. ఒక రాత్రి రెండు మూడు ఏనుగులు మొక్కజొన్న చేనిలో దిగినచో ఆ కుటుంబపు ఏడాది గ్రాసము తెల్లవారునాటికి ఉండదు. కావలియున్న మనిషి ప్రాణము పోవుటయు కలదు.

2022లో అంగోలా, బోట్స్‌వానా, నమీబియా, జాంబియా, జింబాబ్వే దేశములు కలిసి విమానములనుండి లెక్కింపగా, తమ ఉమ్మడి అటవీప్రాంతమున 2,27,900 ఏనుగులున్నట్లు అంచనాకు వచ్చిరి. వీనిలో ఒక్క బోట్స్‌వానాలోనే 1,31,909. ఆ దేశపు జనసంఖ్య సుమారు 24 లక్షలు మాత్రమే. నూటనలువది కోట్ల జనులున్న మన దేశమున 2025లో వెలువడిన గణన ప్రకారము ఏనుగులు 22,446. ఈ అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినగాని ఆ ప్రజల మాట మనకు అర్థము కాదు.

జింబాబ్వే 1989లో 'క్యాంప్‌ఫైర్' అను పథకమును ఆరంభించెను. అడవి అంచు పల్లెలకు వన్యప్రాణుల ఆదాయములో వాటా నిచ్చుట దాని ఉద్దేశము. 1989 మొదలు 2001 వరకు పల్లెలకు చేరిన సొమ్ము 2 కోట్ల డాలర్లకు పైబడినది. అందు నూటికి సుమారు 89 వంతులు వేటవలన వచ్చినదే. ఆ సొమ్ముతో బడులు, బావులు, పిండిమరలు ఏర్పడిన గ్రామములున్నవి. వాటాలో చాల భాగము జిల్లా మండలులయొద్దనే నిలిచిపోయి, కుటుంబమునకు చేరినది స్వల్పమను విమర్శయు కలదు. రెండును నిజమే.

బోట్స్‌వానా 2014లో వేటను నిషేధించి, 2019లో తిరిగి అనుమతించెను. నిషేధకాలమున ఉత్తరప్రాంతపు పల్లెలలో వేట శిబిరములపై బ్రతికినవారు పనులు కోల్పోయిరి. మాంసము రాకపోయెను. ఏనుగులు మాత్రము చేలలోనికి వచ్చుచునే యుండెను. 2024 ఏప్రిల్‌లో జర్మనీ వేటగురుతులపై ఆంక్షలు బిగింపదలచినప్పుడు నాటి అధ్యక్షుడు మొక్‌గ్వీట్సి మసీసి, '20,000 ఏనుగులను మీ దేశమునకు పంపుదుము, వానితో కాపురము చేసి చూడుడు' అను భావము వచ్చునట్లు పలికెను. అది ఎకసక్కెమువలె తోచినను దాని వెనుక గల బాధ ఎకసక్కెము కాదు.

7. ఏనుగు పక్షము

ఏనుగు చూలు 22 మాసములు. ఆయువు 60 ఏండ్ల పైమాట. అట్టి ప్రాణిలో ఒకటి తగ్గినచో ఆ లోటు త్వరగా పూడదు.

వేటను సమర్థించువారు తరచుగా చెప్పు మాట యిది: 'మేము చంపునది ముదిసిన మగ ఏనుగును, దానివలన మందకు ప్రయోజనము లేదు.' ఈ మాట పరీక్షకు నిలువలేదు. కెన్యాలోని అంబోసెలిలో 1972 నుండి సాగుచున్న పరిశీలనవలన, మగ ఏనుగు వయస్సు పెరిగినకొలది సంతానశక్తి పెరిగి, ఏబది ఏండ్ల ప్రాంతమున ఉచ్చస్థితి నందునని తేలినది. వేటగాడు కోరునది పెద్ద దంతము. పెద్ద దంతముండునది పెద్దవయసు ఏనుగునకే. కావున అతని తుపాకి నేరుగా జాతికి మూలపురుషునివైపే తిరుగును.

పెద్దలు లేని మంద యేమగునో దక్షిణాఫ్రికాలోని పిలానెస్‌బర్గ్ అడవి చూపినది. క్రూగర్ వనమునందు పెద్ద ఏనుగులను చంపగా మిగిలిన అనాథ పిల్లలను అక్కడికి తరలించిరి. అవి యౌవనమునకు వచ్చి, అదుపుచేయు పెద్దలు లేక, 1992 మొదలు 1997 వరకు 40కి పైగా తెల్ల ఖడ్గమృగములను చంపినవి. 1998లో ఆరు పెద్ద మగ ఏనుగులను తెచ్చి విడిచిరి. ఆ చంపుట ఆగిపోయెను. పెద్దలు ఊరక నిలిచియున్నను ఇంటికి క్రమము నిత్తురనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

దంతమునకై జరుగు సంహారము జాతి రూపమునే మార్చుననుటకు మొజాంబిక్ దేశపు గొరొంగోసా వనము నిదర్శనము. 1977 నుండి 1992 వరకు జరిగిన అంతర్యుద్ధమున అక్కడి ఏనుగులలో నూటికి 90 నశించినవి. దంతములు లేని ఆడ ఏనుగులు యుద్ధమునకు పూర్వము నూటికి సుమారు 18 ఉండగా, పిమ్మట సుమారు 50 అయినవి. దంతమున్నవి చచ్చి, లేనివి బ్రతికి, ఆ లేమియే కూతుండ్రకు సంక్రమించెను.

8. నిషేధమొక్కటియే చాలునా?

ఇచట తూకము సరిగా పట్టవలెను. కెన్యా 1977లో వేటను నిషేధించెను. అయినను మరుసటి పుష్కరకాలములో దొంగవేట ఆ దేశపు ఏనుగులను హతమార్చెను. టాంజానియా వేటను అనుమతించెను. అక్కడను 2009లో సుమారు 1,09,000 ఉన్న ఏనుగులు 2014 నాటికి సుమారు 43,000కు పడిపోయెను. నిషేధించిన దేశమును, అనుమతించిన దేశమును ఒకే దొంగ దోచెను. కావలి లేని చోట నిషేధము కాగితము, అనుమతియు కాగితమే.

కెన్యా పిమ్మట కావలిని బలపరచి, యాత్రికుల రాబడిని పెంపొందించుకొనగా, 2021 గణనలో ఏనుగులు 36,280 అని లెక్కకు వచ్చినవి. కాని యాత్రికుడు చక్కని మార్గము, వసతి, విస్తారమైన మైదానము ఉన్న చోటికే పోవును. దట్టమైన ముండ్లపొదలు, ఉక్కపోత, ఈగలు గల అడవికి పోడు. అట్టి చోటికి డబ్బుతో వచ్చినవాడు వేటగాడొక్కడే. అతనిని ఆపినచో అతని స్థానమున ఎవరు డబ్బు తేవలెను? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండ నిషేధించుట సగము ధర్మము.

9. మన యెడ దీని అన్వయము

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. మద్రాసు రాజధానియందు 1873లోనే అడవి ఏనుగుల రక్షణకు చట్టము వచ్చెను. అప్పటి ఆంధ్ర జిల్లాలలో పెక్కు ఆ రాజధానిలోనివే. నేడు వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద ఏనుగు మొదటి షెడ్యూలునకు చెందినది. వినోదమునకై వేట మన దేశమున లేదు.

1980 దశకమున తమిళనాడు, కర్ణాటక అడవులనుండి ఏనుగులు చిత్తూరు జిల్లాకు వచ్చి చేరెను. వానికై కౌండిన్య అభయారణ్యము ఏర్పడెను. పలమనేరు, కుప్పము ప్రాంతపు రైతులు చెరకు, అరటి, వరి పోగొట్టుకొనుచు, కొన్నివేళల ప్రాణములనే పోగొట్టుకొనుచు, వానితో కాపురము చేయుచున్నారు. 2025లో కర్ణాటక ప్రభుత్వము అడవి ఏనుగులను మరలించుటకు తర్ఫీదు పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌నకు ఇచ్చెను. అనగా మనము తుపాకి మార్గము కాక వేరొక మార్గమును ఎంచుకొంటిమి. ఆ మార్గమునకు ఖర్చు కలదు. ఆ ఖర్చును పట్టణమున కూర్చుండి ఏనుగును పొగడువాడు కాక, చేనిగట్టుపై మేలుకొన్న రైతు ముందుగా చెల్లించుచున్నాడు. నష్టపరిహారము ఆలస్యమైనచో ఆ దయ ఎవరిదనవలెను? పేరు మనది, వెచ్చము వానిది.

10. తీర్మానము

మొదటి ప్రశ్నకు జవాబు: దంతము రాకున్నను చంపుటకు పోవువాడు కలడు, గోడకు వ్రేలాడునది పోయినను లోపల వ్రేలాడు అహంకారము చట్టమునకు చిక్కదు. రెండవ ప్రశ్నకు జవాబు: గురుతును రానీయకుండుట ఏనుగునకు కొంత రక్షణ, పెద్ద దంతముపై గల ఆశ తగ్గును, కాని కావలియు, అడవియు, పల్లెవారి సమ్మతియు లేనిచో అది నిలువదు. మూడవ ప్రశ్నకు జవాబు అన్నింటికంటె బరువైనది: నష్టమును భరించుచున్నవాడు నిషేధము వ్రాసినవాడు కాదు.

కావున వేటను వలదనువాడు ఋణగ్రస్తుడని తెలిసికొనవలెను. వేటగాడు తెచ్చిన సొమ్మును అతడు తేవలెను. చేనికి కంచెయో, పోయిన పంటకు వెలయో, మరణించినవాని కుటుంబమునకు ఆధారమో సమకూర్పవలెను. అది చేసినప్పుడు అతని మాటకు బలము వచ్చును. చేయనిచో, వేటగాడు గురుతు లేక మరలినట్లే, అతని దయయు ఫలము లేక మరలును.

అధ్యయన ప్రశ్నలు

1. దొంగవేట, అనుమతి వేట, దంతవ్యాపారము, గురుతు దిగుమతి – వీని భేదములను సొంత మాటలలో వివరింపుడు.
2. 'ముదిసిన మగ ఏనుగువలన ప్రయోజనము లేదు' అను వాదమును పిలానెస్‌బర్గ్ ఉదాహరణముతో పరీక్షింపుడు.
3. కెన్యా, టాంజానియాల అనుభవములను పోల్చి, నిషేధమునకు తోడుగా నుండవలసిన వేమో చెప్పుడు.
4. ఒక అడవి అంచు పల్లెకు వేట ఆదాయము ఆగినది. దానికి బదులుగా ఎవరు, ఏమి ఈయవలెను? ఇంటివారందరు కూర్చుండి చర్చింపుడు.